మందు లేని సూది

జూన్ 4

కోడలా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ ఇక్కడ సగమే కుశలం. ఎడమ సగం. కుడి చెయ్యి నా మాట వినడం మానేసి చాలా రోజులైంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నేను గొంతు పెంచగానే "పేషెంటు వచ్చింది అత్తా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక చస్తావా.

సంగతేమిటంటే, భుజం ముందు మొదలై బొటనవేలి దాకా ఒకటే పోటు. నాలుగు కోటు గుడ్డలు కత్తిరించేసరికి వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. జుట్టు ముడి వేసుకోవడానికి చెయ్యి తల దాకా లేవదు. వర్క్‌షాపులో గుండీలు కుట్టే వదిన చేత వేయించుకుంటున్నాను. ఆవిడ జుట్టుని కూడా గుండీ బిగించినట్టే బిగిస్తుంది.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, ఎముక శుభ్రంగా ఉంది, ఏమీ లేదమ్మా అన్నాడు. ఏమీ లేకపోతే పక్కకి తిరిగి పడుకోలేక ఏడ్చింది ఎవరట? మాత్రలిచ్చాడు. వాటితో కడుపు మండింది, చెయ్యి ఎప్పట్లాగే ఉంది.

అసలు మంట అది కాదు. మా చిన్న యజమాని ఆ రిపోర్టు చదివి, ఏమీ లేదని రాశాడు కదా మాస్టరమ్మా, మరి కోట్లెందుకు ఆలస్యమవుతున్నాయి అన్నాడు. అని ఊరుకున్నాడా, ఇక గుండీల దగ్గర హాయిగా కూర్చో, కత్తెర ఇంకెవరికైనా ఇద్దాం అన్నాడు. ఈ కటింగ్ బల్ల వాళ్ల నాన్న నాకు అప్పగించింది. నాకు ముందు ఈ వర్క్‌షాపులో ఆడమనిషి కత్తెర పట్టింది లేదు. హోటల్ దర్వాన్ల కోటు కానీ, బ్యాండు వాళ్ల కోటు కానీ, గుడ్డ మీద మొదటి గీత నాది, మొదటి కోత నాది. గుండీలు కుట్టడం తక్కువ పనని నేననను, వదిన వింటే నా ప్రాణం తీస్తుంది. కానీ అది నా పని కాదు. చెయ్యి ఊడిపడినా బల్ల వదలను.

నువ్వు ఆ కండల చదువేదో చదివావు కదా, ఈ చేతికేమైందో చెప్పు. మీ నాన్నకి మాత్రం చెప్పకు. నా తమ్ముడు సంగతి నాకు తెలీదా, వచ్చి నా పక్కన కూర్చుని ఏడుస్తాడు. వాణ్ణి ఓదార్చడానికి నాకు తీరిక లేదు.

కత్తెర ఇంకా చేతిలోనే ఉన్న
మీ అత్త


జూన్ 12

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివాను. మా గదిలో కుళాయి కారి నేలంతా నీళ్లు, మంచాల మీద అందరి చెప్పులు. వార్డెన్‌ని అడిగితే ప్లంబరు వస్తున్నాడంటుంది. వారం నుంచీ వస్తూనే ఉన్నాడు.

నీ చెయ్యి సంగతి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, కండ సంగతి తెలియదు. ఒకే పని ఏళ్ల తరబడి చేసేవాళ్ల కండలో ఒక పోగు బిగుసుకుపోతుంది. వేలితో తడిమితే అందులో గింజంత ముడి తగులుతుంది. ఆ ముడితో వచ్చిన చిక్కేమిటంటే, అదొకచోట ఉంటుంది, నొప్పి ఇంకోచోట పెడుతుంది. నీకు భుజం ముందూ, బొటనవేలిలోనూ పోటు అంటున్నావు. అదంతా వీపు మీద రెక్క ఎముకని పట్టుకుని ఉండే కండ చేస్తున్న పని అని నా అనుమానం. చెయ్యి వేసి చూడకుండా ఖాయమని చెప్పను.

దీనికి డ్రై నీడ్లింగ్ అని ఒక చికిత్స ఉంది. చాలా సన్నటి సూది, ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు. అందులో మందేమీ ఉండదు. ముడి ఉన్నచోట గుచ్చితే చాలు. మీ ఊళ్లో మార్కెట్ వీధిలో నా క్లాస్‌మేట్ ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టింది. మా బ్యాచ్‌లో దాని చెయ్యి చాలా మంచిది. నేను చెప్పి ఉంచుతాను, ఒకసారి వెళ్లు.

నాన్నకి చెప్పలేదు. కానీ నిన్న ఫోనులో "అక్క ఎలా ఉంది" అని ఆయనే అడిగాడు. దగ్గొచ్చినట్టు నటించి తప్పించుకున్నాను.

నువ్వు తిడతావని తెలిసే రాసిన
నీ కోడలు


జూన్ 19

అమ్మా డాక్టరు గారూ,

మందు లేని సూది. బాగుంది. చాలా బాగుంది.

చిన్నప్పుడు నువ్వు పడి మోకాలు చెక్కుకుని శోకాలు పెడితే, ఉత్త నీళ్లు రాసి మందు రాశానని చెప్పి నీ నోరు మూయించాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నావా? ఎక్స్‌రే చూసినాయన ఏమీ లేదన్నాడు. యజమాని ఏమీ లేదన్నాడు. నువ్వు కాస్త చదువుకున్నదానివి కాబట్టి మర్యాదగా, నొప్పి ఒకచోట ఉంటే అసలు సంగతి ఇంకోచోట ఉందన్నావు. అంటే నాకు నొప్పి ఎక్కడో కూడా తెలీదన్నమాట. ఉత్త సూది గుచ్చి, తగ్గిపోయింది వెళ్లిరా అంటే నమ్మేసి చప్పట్లు కొట్టుకుంటూ ఇంటికెళ్లాలన్నమాట.

నా చెవిలో పువ్వులు పెట్టాలనుకుంటే ఇంకొంచెం పెద్దదానివయ్యాక రా. సూది ఎందుకు పనికొస్తుందో నాకొకరు చెప్పాలా? దారం లేని సూదితో నేనెప్పుడూ ఒక్క కుట్టూ వేయలేదు.

నేను నటించడం లేదే. బల్ల పోతుందని తెలిసీ నొప్పి నటించడానికి నాకేం పిచ్చా? ఇవాళ పొద్దున చెయ్యి జారి లైనింగ్ గుడ్డ అడ్డంగా కోసేశాను. నా చేతిలో గుడ్డ పాడవడం ఇదే మొదలు. ఎవరూ చూడకముందే మడిచి అడుగున దాచాను. అంత గతి పట్టింది నాకు. నీకు చెప్పుకుంటే నువ్వు మందు లేని సూది రాసి పంపావు.

కుళాయి కింద బకెట్టు పెట్టుకోండి. దానికి కూడా డిగ్రీ కావాలా?

అత్త


జూన్ 27

అత్తా,

కోపమంతా వెళ్లగక్కావు, మంచిదే. ఇప్పుడు నన్ను చెప్పనీ.

నీ నొప్పి నిజం. ఆ మాట ముందే రాయాల్సింది, రాయకుండా చదివిన పాఠం అప్పజెప్పాను. అది నా తెలివితక్కువ. నొప్పి నీదే, నీకు తెలిసినచోటే ఉంది. అది పుట్టేచోటు వేరు అన్నానంతే, లేదని అనలేదు.

ఇక సూది. ఇందులో పని చేసేది మందు కాదు, ఆ గుచ్చడమే. సూది ముడిని తాకగానే కండ తనంతట తానే ఒక్కసారి ఎగిరిపడి, ఆ తర్వాత పట్టు వదులుతుంది. ఉత్తుత్తి సూదో కాదో నన్నడుగు. మా ట్రైనింగులో ఒకళ్లకొకళ్లం గుచ్చుకునే నేర్చుకున్నాం. నా పిక్కలో గుచ్చింది నేను చెప్పిన ఆ క్లాస్‌మేటే. నేను తన్నిన తన్నుకి ట్రే వెళ్లి గోడకి తగిలింది. మాస్టారు ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశారు.

ఇంకో మాట, నీకు అబద్ధం చెప్పను. ఇది మంత్రం కాదు. లోపల ఏం జరుగుతుందో చదివినవాళ్లకే ఇంకా పూర్తిగా తేలలేదు. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి అంతంతమాత్రం. తగ్గినా కొన్ని వారాలు. ఆ వారాల్లో కండకి కసరత్తు నేర్పించి, దాన్ని బిగించిన అలవాటేదో మార్చుకోవాలి. లేకపోతే ముడి మళ్లీ వస్తుంది. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే వెళ్లగానే చెప్పు. ఖాళీ కడుపుతో వెళ్లకు.

ఆ రోజు నువ్వు రాసింది ఉత్త నీళ్లని నాకప్పుడే తెలుసు. నువ్వు పక్కన కూర్చున్నావని ఏడుపు ఆపాను.

వెళ్లు అత్తా. వెళ్లి నచ్చకపోతే అప్పుడు తిట్టు. ముందే తిడితే ఎలా?

నీ కోడలు


జూలై 10

కోడలా,

వెళ్లాను. నీ కోసం కాదు, నా కత్తెర కోసం.

మందుల షాపు పక్కన ఇరుకు మెట్లు, పైన రెండు గదులు, ఒక గదిలో మంచం మీద తెల్ల దుప్పటి, దాని అంచు కుట్టు వంకర. నీ క్లాస్‌మేట్ చీపురుపుల్లలా ఉంది. ఈ పిల్లకి సూది ఎత్తే ఓపికైనా ఉందా అనుకున్నాను. ఇకనుంచి నాకు ఆవిడ పేరు చీపురుపుల్లే.

రాగానే సూది తీయలేదు. చెయ్యి ఎత్తించింది, తిప్పించింది, మెడ వంచించింది, ఏ మాత్రలు వాడుతున్నానో అడిగింది, ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకుంది. తర్వాత బోర్లా పడుకోబెట్టి రెక్క ఎముక మీద వేలితో తడుముతూ వెళ్లి ఒకచోట నొక్కింది. నొక్కింది వీపు మీద, పోటు పొడిచింది బొటనవేలిలో. అచ్చం అదే నొప్పి.

"ఇదేనా అమ్మా మీ నొప్పి?" అని అడిగింది.

ఇన్నాళ్లూ లేదు లేదు అన్నారు కదా, దాన్ని ఒక మనిషి వేలుపెట్టి ఇదిగో అని చూపించేసరికి ఏడుపొచ్చేసింది. మొహం దిండులో ఉంది కాబట్టి పరువు దక్కింది.

సూది దిగడం తెలియనే లేదు. దిగాక మెల్లగా పైకీ కిందికీ ఆడించింది చూడు, కండ ఒంట్లోంచి బయటికి దూకబోయినట్టు ఎగిరింది. చుక్కలు కనిపించాయి. దాని ఏడు తరాలనీ తిట్టాను. అది మాత్రం గాలానికి చేప పడ్డట్టు సంబరపడిపోయింది. తర్వాత మెడకీ భుజానికీ మధ్య కండని వేళ్లతో పట్టి పైకి లాగి, ఆ మడతలో గుచ్చింది. మేం గుడ్డ మడతపట్టి గుండుసూది పెడతామే, అలాగ.

మర్నాడు భుజమంతా పచ్చిపుండు. ఒకట్రెండు రోజులు అలాగే ఉంటుందని ముందే చెప్పింది. ఆ తర్వాత కత్తెర తీశాను కోడలా. నడిచింది. మందపాటి ఉన్ని గుడ్డ మడతలేసి కోస్తే వెన్నలా తెగింది. వెనకబడ్డ కోట్లన్నీ ఒక్క ఊపున లాగేశాను. చిన్న యజమాని వచ్చి, నిలబడి, చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అతను ఏమీ అనకుండా వెళ్లడం చూస్తే ఎంత హాయిగా ఉందో.

కసరత్తుకని ఒక రబ్బరు పట్టీ ఇచ్చింది. నమూనా కాగితాల చుట్టకి వేశాను, భలే పట్టుకుంది.

మళ్లీ మాస్టరమ్మనైన
అత్త


జూలై 16

అత్తా,

నీ ఉత్తరం మా డిపార్ట్‌మెంటులో గట్టిగా చదివి వినిపించాను. చేప దగ్గర మా సీనియరు టీ ఒలకబోసుకుంది.

అంత సంతోషంలోనూ నా గుండె గుభేలుమన్న చోట్లు రెండున్నాయి. ఆ రబ్బరు పట్టీ విప్పు. అది కాగితాలకి కాదు, నీకు. చికిత్సలో సూది సగమైతే అది మిగతా సగం. రెండోది, తగ్గింది కదా అని వెనకబడ్డ పనంతా ఒక్కసారి మీదేసుకోకు. చీపురుపుల్ల మళ్లీ రమ్మందట, నువ్వు వెళ్లలేదట. ఎందుకు?

ఇంకొక్కటి. నువ్వు బల్ల దగ్గర ఎలా నిలబడతావో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. చెయ్యి వేలాడేసి, మోచెయ్యి మడిచి చూడు. బల్ల మోచేతికి పైన ఉందా, కింద ఉందా? కింద ఉండాలి. ఇది తప్పకుండా రాయి.

ప్లంబరు వచ్చాడు. చూసి, రేపొస్తానని వెళ్లాడు.

నీ కోడలు


జూలై 29

కోడలా,

పాత కథే. మళ్లీ పోటు, మళ్లీ బొటనవేలు. మీ మందు లేని సూది పనిచేసేది ఇన్నాళ్లే అయితే ముందే చెప్పొచ్చు కదా. చెప్పావనుకో. అయినా నాకు కోపమే.

చీపురుపుల్ల దగ్గరికి మళ్లీ ఎలా వెళ్లను? బ్యాండు వాళ్ల ఆర్డరు నెత్తిన ఉంది. పని మధ్యలో మెట్లెక్కి దిగి వస్తే, చూశారా, మాస్టరమ్మ మళ్లీ ఆస్పత్రికి అంటారు. అందుకని ఒక ఉపాయం చేశాను. ఇంత చిన్న పనికి ఆ మెట్లెందుకు, సూదుల మధ్యే కదా నా బతుకు అనుకున్నాను. ఉన్నవాటిలో సన్నటి చేతి సూది ఒకటి తీసి మరిగే నీళ్లలో వేశాను. గుండీల వదిన చెయ్యి వణకదు. మెడ పక్కన ముడి ఎక్కడుందో నేను చెప్పాను, ఆవిడ కళ్లు మూసుకుని గుచ్చింది. చెయ్యి వణకదు గానీ భయం భయమే కదా.

కండ ఎగరలేదు. నేనే ఎగిరాను. సాయంత్రానికి అక్కడంతా వాచి నల్లగా కమిలిపోయింది. మర్నాడు మెడ తిప్పలేక మొత్తం మనిషినే తిప్పుతూ నడుస్తుంటే చిన్న యజమాని చూశాడు. వదిన పాపం నిజం చెప్పేసింది. అందరి ముందూ నవ్వి, బ్యాండు ఆర్డరు అయ్యేదాకా ఉండు, సెప్టెంబర్ ఒకటి నుంచి బల్ల దగ్గరికి కొత్త మనిషి వస్తాడు అన్నాడు. వేరే షాపులో పనిచేసే మనిషి, చాలా పొడుగు. గుమ్మంలో తల వంచి వచ్చాడు. వచ్చి నా కత్తెర ముట్టుకున్నాడు. కటింగ్ మాస్టరు కత్తెర ఇంకొకరు ముట్టుకోకూడదని మాలో లెక్క. ఆయనకీ తెలుసు. వెంటనే చెయ్యి తీసేసి తల దించుకున్నాడు. మనిషి చెడ్డవాడిలా లేడు, అదింకా ఒళ్లు మండించింది.

నువ్వడిగావు కదా. బల్ల మోచేతికి పైనే ఉంది. మొదట్నించీ పైనే. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

అత్త


ఆగస్టు 3

అత్తా,

నీకు మతి ఉందా?

చీపురుపుల్ల కండని వేళ్లతో పట్టి పైకి లాగి గుచ్చిందని నువ్వే రాశావు. మీ గుండుసూది లెక్క అనుకున్నావు. అది ఎందుకో తెలుసా? ఆ కండ కింద ఊపిరితిత్తి కొస ఉంటుంది. అందుకని కండని దాని మీద నుంచి ఎత్తి పట్టుకుంటారు. మీ వదిన నిటారుగా పొడిచింది. ఇంకొంచెం దిగి ఉంటే ఊపిరి అందక ఆస్పత్రి పాలయ్యేదానివి. ఇన్నేళ్లు చదివి, మనుషుల మీద చెయ్యి వేసే ముందు మాకెన్ని పరీక్షలు పెట్టారో నీకేం తెలుసు? కుట్టు సూది ఉడకబెట్టినంత మాత్రాన వైద్యం సూది అయిపోదు. ఈ ఉత్తరం అందగానే వెళ్లి చీపురుపుల్లకి ఆ వాపు చూపించు. ఆయాసం కానీ, ఊపిరి పీలిస్తే పోటు కానీ ఉంటే ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇక బల్ల. ఏమిటి సంబంధం అంటావా? బల్ల మోచేతికి పైన ఉంటే, ప్రతి కోతకీ నువ్వు భుజం ఎత్తి పట్టాలి. ఏళ్లుగా భుజాన్ని చెవి దాకా ఎత్తి పని చేస్తున్నావు. ముడి పడక ఏం చేస్తుంది? సూది దాన్ని వదులు చేస్తుంది, బల్ల మళ్లీ బిగిస్తుంది. చీపురుపుల్ల రోజూ గుచ్చినా ఇదే కథ.

ఎత్తుగా ఒక పీట చేయించుకుని దాని మీద నిలబడి పని చెయ్యి. చిన్న విషయం, ఇవాళే అయిపోతుంది.

నీ మీద నిజంగా కోపంగా ఉన్న
కోడలు


ఆగస్టు 9

కోడలా,

వాపు తగ్గింది. ఊపిరి బాగానే ఆడుతోంది, లేకపోతే ఇన్ని మాటలెలా వస్తాయి? చీపురుపుల్లకి చూపించాను. అది నీకంటే ఘోరంగా తిట్టింది. ఎవరూ చూడకుండా వెళ్లాను, మళ్లీ రెక్క ఎముక దగ్గర గుచ్చింది. పట్టీ విప్పాను, లాగుతున్నాను. కాగితాల చుట్ట విడిపోయి నేలంతా పరుచుకుంది.

కానీ పీట మాట ఎత్తావు చూడు, అది మాత్రం నేను క్షమించలేను.

పెద్దాయన నాకు బల్ల అప్పగించిన మొదటి రోజు మగవాళ్లందరూ మిషన్లు ఆపి చూశారు. ఆ బల్ల నాకు ముందు పనిచేసిన మాస్టరుకి సరిపోయేట్టు చేయించింది, ఆయన తాడిచెట్టంత మనిషి. నేను వెళ్లి నిలబడగానే వెనక నుంచి ఒకడు, అమ్మగారికి అందదు, ఎవరైనా పీట తెండ్రా అన్నాడు. గది గదంతా నవ్వింది. ఇంకొకడు నిజంగానే తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. దాన్ని కాలితో తన్ని అవతల పడేసి కోశాను. ఆ రోజు కోసిన కోటుకి ఒక్క వంక పెట్టలేకపోయారు. అప్పట్నుంచీ పీట అన్న మాట నా ముందు ఎవరూ అనలేదు. ఇన్నేళ్ల తర్వాత నువ్వన్నావు.

అయినా అది కుదరదు. కోట్లు కోసేవాళ్లం ఒకచోట నిలబడం. పొడుగు గుడ్డ పరిచి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ కోస్తాం. పీట మీద నుంచి ఎక్కడికి నడుస్తాను, నేల మీదికా?

నాకు అందదనే కదా నువ్వూ చెప్పేది. నువ్వు కూడానా?

అత్త


ఆగస్టు 14

అత్తా,

ఆ పీట కథ నాకు తెలీదు. తెలిసుంటే ఆ మాట రాసేదాన్ని కాదు. తన్నినందుకు మాత్రం ముద్దొస్తున్నావు.

కానీ నేను అందదనలేదు. సరిగ్గా విను. నువ్వు పొట్టి కాదు, బల్ల ఎత్తు. ఎవరో తాడిచెట్టు కొలతకి చేసినదాంట్లో నువ్వు ఇన్నేళ్లు సర్దుకున్నావు, అదీ గొప్పే. ఎవరైనా నీ దగ్గరికి పొట్టి చేతులతో వస్తే కోటు చేతులు తగ్గిస్తావా, ఆయన చేతులు లాగుతావా? ఇన్ని వేలమందికి వాళ్ల వాళ్ల కొలతకి కోసిచ్చావు, నీ కొలత ఒక్కసారీ తీయించుకోలేదు. ఇదేం న్యాయం?

వాళ్లు నవ్విన రోజున నీ పంతం నీ భుజం మీద పెట్టుకున్నావు. దించు దాన్ని. అడుగు. నాకు బల్ల తగ్గించండి అని నోరు తెరిచి అడుగు. అడగడం ఓడిపోవడం కాదు. నువ్వు ఆ బల్ల వదలడం నాకూ ఇష్టం లేదు. నేను ఈ కండల చదువు చదవడానికి కారణం నువ్వే. చిన్నప్పుడు నీ వర్క్‌షాపులో మూల కూర్చుని నీ చెయ్యి కదలడం చూస్తూ ఉండేదాన్ని.

నీ కోడలు


సెప్టెంబర్ 2

కోడలా,

నీ ఉత్తరం వదినకి చదివి వినిపించాను. ఆవిడ గుండీ నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఎక్కడ మింగేస్తుందోనని నేను భయపడ్డాను.

అడిగాను. నా జన్మలో ఆ వర్క్‌షాపులో నాకోసం అడగడం అదే మొదలు. బల్ల నాకు ఎత్తయింది బాబూ, దాని వల్లే ఈ భుజం, బెత్తెడు తగ్గించండి అన్నాను. చిన్న యజమాని లెక్కలు చూసుకుంటూనే, నాన్నగారి బల్ల అది, ఇంకా పది రోజులుండే మనిషి కోసం కోయిస్తామా అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

అడిగి లేదనిపించుకుంటే ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలీదు. అడగక మునుపు భయం ఉండేది. అడిగాక ఒక్క కోపమే మిగిలింది. కోపం నాకు అలవాటే.

బ్యాండు ఆర్డరు పూర్తిచేసి ఇచ్చేశాను, ఒక్క కోటూ ఆగలేదు. చీపురుపుల్ల దగ్గరికి మానకుండా వెళ్లాను, ఇప్పుడు అందరూ చూస్తుండగానే. ఆవిడ చేతే నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకున్నాను. నిన్న కాక మొన్న సెలవు రోజు. తాళం నా దగ్గరే ఉంటుంది, పొద్దున తలుపులు తీసేది నేనే. మా బెంచీలు బాగుచేసే వడ్రంగిని పిలిచాను, వదిన కూడా తోడొచ్చింది. ఆయన బల్ల చుట్టూ తిరిగి, యజమానికి తెలుసా అని గొణిగాడు. తెలుస్తుంది, మీరు కానివ్వండి, మాట వస్తే నా మెడకే చుట్టండి అన్నాను. కాళ్ల మీద సుద్దతో నేనే గీత గీశాను. రంపం నేను పట్టబోతే వదిన లాక్కుంది, భుజం బాగుపడింది దీనికా అని. బెత్తెడు చొప్పున అన్ని కాళ్లూ తెగి పడ్డాయి. బల్ల దిగింది. మోచెయ్యి మడిచి దాని మీద పెట్టాను. భుజం ఉన్నచోటే ఉంది, ఎక్కడికీ లేవలేదు. ఇన్నేళ్లుగా మోస్తున్నదేదో ఎవరో దించినట్టయింది.

నిన్న ఒకటో తారీఖు. పొడుగాయన వచ్చాడు, వెనకాల యజమాని. నేను అప్పటికే హోటల్ వాళ్ల గుడ్డ పరిచి ఈ చివర నుంచి ఆ చివరకి కోస్తూ వెళ్తున్నాను. యజమాని బల్ల కాళ్లు చూశాడు, మొహం ఎర్రబడింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆ మొదటి రోజు ఆగినట్టే.

"ఎవర్నడిగి కోయించావు?" అన్నాడు.

"మిమ్మల్నే అడిగాను. మీరు తల ఎత్తలేదు" అన్నాను.

పొడుగాయన్ని నా పక్కన నిలబెట్టి కత్తిరించి చూపించమన్నాడు. ఆయన పాపం సొంత కత్తెర తెచ్చుకున్నాడు. వంగాడు, ఇంకా వంగాడు. ఒక కోటు చెయ్యి కోసేసరికి నడుం పట్టుకుని లేచి, ఇది నా వల్ల కాదండీ, ఈ బల్ల ఈవిడ కొలతది అన్నాడు. ఎవరో ఫక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వు ఎలా తగులుతుందో నాకు తెలుసు.

కత్తెర కింద పెట్టి యజమాని దగ్గరికి వెళ్లాను. ఆర్డర్లు ఇద్దరికి సరిపడా ఉన్నాయి, ఈయనకి ఇంకో బల్ల చేయించండి, ఈయన మోచేతికి కొలిచి చేయించండి, లేకపోతే నాలాగే పాడైపోతాడు అన్నాను. నన్ను గుండీల దగ్గరికి పంపాలంటే ఈ బల్ల కూడా నాతో పాటే పంపాలి, ఇది ఇంకెవరికీ పనికిరాదు అన్నాను. అతను నేను కోసిన గుడ్డ అంచు వేలితో తడిమి చూశాడు. హోటల్ వాళ్ల కోట్లు ఎప్పటికవుతాయి అని అడిగి వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున వడ్రంగి మళ్లీ వచ్చాడు. ఈసారి యజమానే పిలిచాడట. పొడుగాయన్ని గోడకి నిలబెట్టి మోచెయ్యి మడవమన్నాడు. ఆయన సిగ్గుపడుతుంటే, సరిగ్గా నిలబడవయ్యా, కొలత తప్పుతుంది అని నేనే వెళ్లి ఆయన భుజాలు కిందికి నొక్కి, టేపు పట్టుకున్నాను.

నా బల్ల దగ్గర నుంచి
మీ అత్త